టేపులో పోయిన నాలుగు నిమిషాలు

టేపు నంబర్ 214లో నాలుగు నిమిషాల పద్నాలుగు సెకన్లు మాయమయ్యాయి.

ఫిర్యాదు ఇచ్చింది ఔరేలియా టెరాన్. ఎనభై తొమ్మిదేళ్ళు. మజాటెక్ తెగవాళ్ళ కొండల మనిషి. బడిపంతులైన ఆమె కొడుకు ఫిడెన్సియో 1974లో కనిపించకుండా పోయాడు. పోయిన నెల పొరుగింటి అన్సెల్మో ప్రాణం పోతూ, "నీ కొడుకు సంగతి డెబ్బై తొమ్మిదిలో టేపులో చెప్పాను" అన్నాడు. ఆపైన నోరు పెగల్లేదు. ఆ టేపే 214.

వహాకా నగరంలోని ఆర్కైవ్స్‌కి ఇన్‌స్పెక్టర్ ఓర్టెన్సియా వచ్చేసరికి ఉదయం 10:40. అనుమానితులు ఇద్దరే. టేపులు భద్రపరిచే లెయోకాడియా. వాటిలోని మాటల్ని ఏఐ చేత రాయించే టెక్నీషియన్ ఉలిసెస్.

"డబ్బా మీద నలభై రెండు నిమిషాలని ఉంది. నీ ఫైలు ముప్పై ఏడు నిమిషాల నలభై ఆరు సెకన్లే. ఎవరు కోశారు?" ఇన్‌స్పెక్టర్ ఉలిసెస్‌ని అడిగింది.

"ఏఐ, మేడమ్. మాట లేనిచోట తీసేస్తుంది."

"నువ్వు విన్నావా?"

"విన్నాను. పిట్ట కూత."

"తలుపులేసిన గదిలో రికార్డు చేశారని డబ్బా మీదే ఉంది. అక్కడ పిట్టేంటి?"

ఉలిసెస్ హెడ్‌ఫోన్ తీసి బల్ల మీద పెట్టాడు.

"అసలు రీలు తియ్యమ్మా," ఇన్‌స్పెక్టర్ లెయోకాడియాతో అంది.

11:05. రీలు తిరిగింది. పన్నెండో నిమిషం దాకా అన్సెల్మో మొక్కజొన్న పంట గురించి చెప్పాడు. "ఏదన్నా పాట పాడు," మైకు పట్టుకున్న మనిషి అడిగాడు. "పాట రాదు దొరా. ఈల వేస్తాను."

ఈల మొదలైంది.

ఓర్టెన్సియా పుట్టింది ఆ కొండల్లోనే. ఎదుటి వాలు మీంచి నాన్న ఆమెను అలాగే ఈల వేసి పిలిచేవాడు. రెండుసార్లు విన్నది. మూడోసారి వినలేకపోయింది.

వరండాలో కూర్చున్న ఔరేలియాను లోపలికి పిలిపించింది.

"ఇది పిట్ట కాదు, మా భాష," ఓర్టెన్సియా ఉలిసెస్‌తో అంది. " స్వరం ఎత్తుపల్లాలే మా మాటకి ప్రాణం. ఈల వేసినా అర్థం పోదు. మైకు పట్టుకున్నది ఊరి గుమాస్తా మసెదోనియో, డబ్బా మీద పేరుంది. బయటివాడు, వాడికి ఈల తెలీదు. వాడి ఎదురుగా కూర్చునే అన్సెల్మో వాడి మీద సాక్ష్యం చెప్పాడు."

"ఏం చెప్పాడు తల్లీ?" ఔరేలియాకి వినికిడి తగ్గి పదేళ్ళు.

ఓర్టెన్సియా ఆమె చెవి దగ్గర వంగింది. "అవ్వా, 'పంతుల్ని గుమాస్తా తుపాకితో కాల్చాడు. గొయ్యి నాచేత తవ్వించాడు. పంతులు వాడి కాఫీ గింజలారబోసే కళ్ళం కిందే ఉన్నాడు. ఔరేలియాకి చెప్పే ధైర్యం నాకు లేదు' అన్నాడు."

ఔరేలియా తన పాదాల వంక చూసుకుంది.

"ఆ కళ్ళంలో ఇరవై ఏళ్ళు కూలికి కాఫీ తిరగేశాను, ఉత్త కాళ్ళతో," అంది. "నా బిడ్డ మీదే నడిచానా, తల్లీ?"