తెరచాప కొయ్యకు పసుపు

బేబికి మొగుడి మీద ఫిర్యాదులు చాలానే ఉన్నాయి. ఈ రెండు నెలలుగా మాత్రం ఒకటే ఫిర్యాదు. సుబ్రహ్మణ్యేశ్వరరావుగారు ఇంట్లో ఇంటాయనలా కాక, మ్యూజియంలో కాపలాదారులా తిరుగుతున్నారు. గోడకి మేకు కొట్టకూడదు. అరుగు మీద వడియాలు పెట్టకూడదు. మండువాలో రోలు దొర్లిస్తే, "బేబీ, ఆ గచ్చు డెబ్బై ఏళ్ళనాటిది," అంటారు. ఆ రోలు దొర్లించే నడుముకీ యాభై దాటాయన్న సంగతి మాత్రం ఆయనకి గుర్తుండదు.

దీనికంతటికీ కారణం ఒక పలక. పాత ఇళ్ళను గుర్తించి గుమ్మం పక్కన 'వారసత్వ గృహం' అని ఇత్తడి పలక బిగిస్తారని పేపర్లో చదివిన రోజు నుంచీ ఆయన కుదురుగా కూర్చోలేదు. మస్కట్‌లో పదకొండేళ్ళు క్రేన్ నడిపి వచ్చిన మనిషి. ముక్తేశ్వరంలో ఇప్పటికీ ఆయన్ని 'మస్కట్ సుబ్రహ్మణ్యం' అనే అంటారు. పలక పడితే ఆ మస్కట్ ఊడుతుందని ఆశ. దరఖాస్తులో, ఇల్లు కట్టిన తాతగారు బంగారరాజుగారి పేరు పక్కన 'ప్రముఖ వర్తకులు' అని రాశారు. తాతగారు కాలవలో సరుకు పడవ నడిపిన సరంగు. పడవలో కొబ్బరికాయలు ఎవరివైతేనేం, వర్తకం వర్తకమేనని ఈయన వాదన.

బేబి కూడా తన వంతు చేసింది. మండువాకి నాలుగు స్తంభాలు. వీధి గుమ్మంలోంచి చూడగానే కనబడే స్తంభానికి అత్తగారు పాపాయమ్మ రోజూ పొద్దున్నే పసుపు రాస్తారు. ఇరవై ఎనిమిదేళ్ళుగా ఆ పసుపు అంటని చీర బేబి బీరువాలో ఒక్కటీ లేదు. మొన్న అత్తగారు నగరంలో కూతురింటికి నాలుగు రోజులు వెళ్తూ, "స్తంభానికి పసుపు మర్చిపోకమ్మా," అన్నారు. "ఆయ్," అంది బేబి. బస్సు మలుపు తిరగ్గానే పెయింటరు కొండబాబుకి ఫోన్ చేసింది. అతను అట్టలు కట్టిన పసుపంతా గీకి, కింద బయటపడ్డ గాట్లలో లప్పం కూరి, రెండు పూతలు వార్నీషు వేసి వెళ్ళాడు.

నిన్న సాయంత్రం తిరిగొచ్చిన అత్తగారు స్తంభాన్ని చూసి, "బావుందమ్మా. అద్దంలా ఉంది," అన్నారు. అంతకుమించి ఒక్క మాట లేదు. బేబి కాస్త గర్వపడింది కూడా.

ఈ ఉదయం ఆవిడ అలవాటుగా పసుపు గిన్నె పట్టుకొచ్చారు. స్తంభం ముందు కాసేపు నిలబడి, గిన్నె తీసుకెళ్ళి వంటింటి గూట్లో పెట్టేశారు. కాఫీ ఇస్తే వద్దన్నారు.

"ఒంట్లో బాలేదాండీ?"

"బానే ఉందమ్మా. తర్వాత చూత్తాలే."

పదింటికి, పలకలిచ్చే కమిటీ తరపున ఇల్లు చూడ్డానికి ఒక అమ్మాయి స్కూటీ మీద వచ్చింది. పేరు కీర్తి. సుబ్రహ్మణ్యేశ్వరరావుగారు ఇస్త్రీ చొక్కాలో ఎదురెళ్ళి, పెంకుల దగ్గర్నుంచి పెరట్లో గోలెం వరకూ అన్నీ చూపించారు. ఆ అమ్మాయి ఓపిగ్గా చూసి, కాగితాలు సర్దుకుంది.

"ఇల్లు చక్కగా ఉందండి. కానీ ఇలాంటి మండువా ఇళ్ళు ఈ వారంలోనే పన్నెండు చూశాను. దీనికే ప్రత్యేకమైనది ఏమైనా ఉందాండీ?"

"తాతగారు ప్రముఖ..."

"అది రాశారండి," అంటూ ఆమె పీట మీద కూర్చున్న పెద్దావిడ వైపు తిరిగింది. "మామ్మగారూ, మీకేమైనా తెలుసాండీ?"

"ఏముందమ్మా. పాతిల్లు."

కీర్తి లేచి ఫొటో కోసం ఫోన్ పైకెత్తింది. ఎత్తినదల్లా ఆగిపోయింది. "స్తంభం చివర ఆ గాట్లేమిటండీ? కిందంతా నున్నగా ఉంది, పైన కోసుకుపోయినట్టుంది."

కొండబాబు నిచ్చెన అందని జానెడు మేర అది.

"చెదలండి," అన్నారు సుబ్రహ్మణ్యేశ్వరరావుగారు కంగారుగా. "మందు కొట్టించేత్తాం."

"చెద కాదురా!" పీట మీంచి వచ్చిన గొంతుకి ముగ్గురూ ఉలిక్కిపడ్డారు. "తాడు. తెరచాప తాడు ఒరుసుకున్న గాట్లవి. మీ తాతగారి పడవ కొయ్యరా అది."

సుబ్రహ్మణ్యేశ్వరరావుగారు తల్లి వైపు తిరిగారు.

"ఇంత కథుంటే నాకెందుకు చెప్పలేదమ్మా? రెండు నెలల్నుంచీ దరఖాస్తులు రాత్తన్నాను కదా!"

"నువ్వు అడిగేవా? పడవ మాటెత్తితే వర్తకం అంటావు."

బేబికి ఉక్రోషం వచ్చింది. "నాకైనా చెప్పచ్చు కదండీ. ముందే తెలిస్తే లప్పం పెట్టిద్దునా?"

"చెప్పేనమ్మా, నువ్వు కాపురానికొచ్చిన నెలలోనే. నువ్వప్పుడు టీవీలో సీరియల్ చూత్తన్నావు. ఆయ్, ఆయ్ అన్నావు."

"పోనీ నిన్ననైనా అనచ్చు కదా. బావుందన్నారు!"

"నిన్నంటే ఏం లాభం? అప్పటికే వార్నీషు ఆరిపోయింది. ముచ్చటపడి చేయించుకున్నావు. నీ మొహం చిన్నబుచ్చడం ఎందుకని."

కీర్తి మెల్లగా పీట పక్కనే గచ్చు మీద కూర్చుంది. "పసుపెందుకు రాస్తారండీ మామ్మగారూ?"

"పడవ కదిలేముందు కొయ్యకి పసుపు రాసి, ఆ తర్వాతే గొంతులో నీళ్ళు పోసుకునేవారంట. లారీలొచ్చేక పడవ పనైపోయింది. విప్పేసి, ఆ కొయ్య ఇంట్లో నిలబెట్టేరు మావగారు. కొత్త కోడల్ని కదా, నన్ను పిలిచి చెప్పేరు. 'అమ్మాయ్, ఇక ఇది కదలదు. మనుషులు కదుల్తారు. వెళ్ళినోళ్ళు తిరిగొచ్చేదాకా నువ్వు రాత్తా ఉండు' అని." ఆవిడ కొడుకు వైపు చూశారు. "ఈడు మస్కట్‌లో ఉన్న పదకొండేళ్ళూ ఒక్కపూట మానలేదు. జ్వరమొచ్చినా."

సుబ్రహ్మణ్యేశ్వరరావుగారు కళ్ళజోడు తీసి ఇస్త్రీ చొక్కా అంచుతోనే తుడుచుకున్నారు.

"ఇప్పుడాయన ఇంట్లోనే ఉన్నారు కదండీ," అంది బేబి.

"నువ్వు మాత్రం రైతుబజారుకి వెళ్ళి రావటంలేదా?"

బేబి గోడ గడియారం వైపు చూసింది. పదకొండు దాటింది. కాఫీ ఎందుకు వద్దన్నారో అప్పుడు తట్టింది. ఆ మనిషి పొద్దున్నుంచీ పచ్చి మంచినీళ్ళు ముట్టలేదు. ఆ పదకొండేళ్ళూ గుమ్మం వైపు చూస్తూ ఎదురుచూసింది తనొక్కతే అనుకుంది బేబి. పక్కనే ఇంకొకరు రోజూ చేతికి పసుపు పూసుకుని అదే ఎదురుచూపు చూస్తుంటే, చీర అంచు పాడవుతోందని విసుక్కుంది.

గబగబా వంటింట్లోకి వెళ్ళి అట్లకాడ పట్టుకొచ్చి, స్తంభాన్ని గీకడం మొదలుపెట్టింది.

"ఏయ్ బేబీ! ఫొటోలింకా తియ్యలేదు!"

"ఇప్పుడు తియ్యమనండి."

లప్పం పెళ్ళలుగా రాలింది. తాడు కోసిన గాటు ఒకటి, వేలు పట్టేంత లోతుగా, బయటపడింది. బేబి గూట్లోంచి పసుపు గిన్నె తెచ్చి అత్తగారి చేతికిచ్చింది. ఆవిడ ఆ ఒక్క గాటుకే మెల్లగా పసుపు రాశారు. రాసి, ఎప్పటిలాగే, దగ్గర్లో దొరికిన కోడలి కొంగుకి చెయ్యి తుడిచేశారు. బేబి కొంగు లాక్కోలేదు. వెళ్ళి కాఫీ తెచ్చిచ్చి, ఆవిడ గ్లాసు ఖాళీ అయ్యేదాకా పక్కనే నిలబడింది.

"పలక సంగతి నా చేతుల్లో లేదండి. కానీ ఇది మాత్రం రాస్తాను," అంది కీర్తి.

"అలాగైతే ఆ వర్తకులు కొట్టేసి, సరంగు అని రాయండమ్మా," అన్నారు సుబ్రహ్మణ్యేశ్వరరావుగారు.

కీర్తి కొట్టేసి రాసింది. "ఇంకొక్క గడి మిగిలిందండి. ఇటీవల కట్టడంలో జరిగిన మార్పులు, చేసినవారి పేరు."

"పెయింటరు కొండబాబని రాసెయ్యండి," అన్నారాయన, పెళ్ళాం వైపు చూడకుండా.

"అతనేం చేశాడండీ పాపం, నేను రమ్మంటే వచ్చాడు." బేబి అట్లకాడ కింద పెట్టింది. "నా పేరు రాయమ్మా. బేబి. అసలు పేరే అది, ముద్దుపేరు కాదు."

తర్వాత అత్తగారి వైపు తిరిగింది. ఈ ఇంట్లో ఇరవై ఎనిమిదేళ్ళుగా ఎవరూ ఆమె నోట వినని మాట, అందరికీ వినబడేలా అంది.

"తప్పు నాదేనండీ, అత్తయ్యగారూ."