మచ్చ పడని కాగితం

నూనె పోసే రెండో ఇనప చేతి కింద పొద్దుటి ఆఖరి ట్యాంకరు వచ్చి ఆగింది. నూకరత్నం చిన్న కుళాయి తిప్పి పావులీటరు పెట్రోలు సీసాలోకి పట్టి, బల్ల మీది యంత్రపు ముక్కుకి చూపించింది. ముక్కు రెండు క్షణాలు వాసన పట్టి ఆకుపచ్చ దీపం వెలిగించింది. నాలుగు చుక్కలు, ఉత్తమ శ్రేణి. ఆమె పలక మీద బొటనవేలు ఆనించాక పంపు తెరుచుకుని ట్యాంకరు నిండడం మొదలైంది. తొమ్మిదేళ్లుగా రోజుకి అరవైసార్లు ఆనించి ఆనించి ఆ వేలి మీద గీతలు సగం అరిగిపోయాయి.

డిపోలో చేతులు మూడు. మూడింటికీ నూనె వచ్చేది ఒకే తొట్టి నుంచి. విశాఖ జనం పారేసిన సంచులూ సీసాలూ తెగిన వలలూ కరిగించి వడగట్టిన తిరుగు పెట్రోలు అది. ఒకటో చేతి కింద నింపితే దాని పేరు పిడుగు, రెండో చేతి కింద తుమ్మెద, మూడో చేతి కింద కెరటం, పడవలకి వెళ్లేది అదే. పిడుగు పోస్తే కారు చిరుతపులి అవుతుందని ఊరంతా బొమ్మలు. తుమ్మెద పోస్తే ఇంజను నవ్వుతుందట. ఒకే కడవలో నీళ్లు మూడు చెంబుల్లో ముంచి మూడు పేర్లతో అమ్ముకునే ఈ సంత చూస్తే మొదట్లో ఆమెకి నవ్వొచ్చేది.

తేడా అంటూ ఉంటే అది కడుగుమందులో ఉండాలి. తిరుగు పెట్రోలుకి జిగట జాస్తి. కాలినకొద్దీ ఇంజనులోకి నూనె చిమ్మే సూదుల నోట్లో బంకలా పేరుకుంటుంది. దాన్ని ఎప్పటికప్పుడు కడిగేసే మందు ఆ చేతి దగ్గరే సన్నటి ధారగా కలవాలి. కలిసిందనడానికి గుర్తుగా సాక్షిరేణువు కూడా కలుపుతారు. ముక్కు పసిగట్టేది ఆ రేణువునే. ప్రతి బండిలోనూ, ప్రతి పడవలోనూ అలాంటి ముక్కు ఒకటి ఉంటుంది. రేణువు తగలకపోతే ఇంజను లేవదు. ఇదంతా ప్రజల రక్షణ కోసమేనని ప్రమాణాల మండలి డిపో గోడ మీద పెద్ద అక్షరాలతో రాయించింది.

టీ తాగుతుంటే అన్న ఎల్లాజీ ఫోను చేశాడు.

"సెల్లీ, ఇయ్యాల మాయిటాల, పొద్దు వాలే యేలకి ఏట తెరుస్తన్నారు. ఆ తెల్లకాయితం ఒకటి అంపుతావేటి?"

"మళ్లీ ఎల్తన్నావా అన్నియ్యా?"

"ఎల్లక ఏటి సేస్తాను? రెండు నెల్లయింది పొయ్యి మీద చేప ఉడికి."

రేవులో ఒక ఆచారం ఉంది. నిషేధం ముగిసి వేట తెరిచిన రోజున పడవలో పోసే నూనెలో మొదటి చుక్క తెల్లకాగితం మీద వేస్తారు. ఆరాక మచ్చ మిగలకపోతే, నాలుగు మూలలా కుంకుమ పెట్టి పడవ మొగాన అతికిస్తారు. బంకుల్లో కిరసనాయిలు కలిపే కాలం నుంచి వస్తున్న పద్ధతి. మచ్చ లేని నూనెతో వెళ్లినవాణ్ణి గంగమ్మ తిరిగి పంపిస్తుందని నమ్మకం. కిందటేడు కూడా ఎల్లాజీ పడవ మొగాన మచ్చ లేని కాగితమే ఉంది. నలభై మైళ్ల దూరంలో ఇంజను ఆగింది. ఆరు రోజులు కొట్టుకుపోయి ఏడో రోజు అతను దొరికాడు. అతనొక్కడే. వదిన తమ్ముడు దానయ్య నాలుగోనాడు ఉప్పునీళ్లు తాగి, మతి తప్పి, సముద్రంలోకి నడిచినట్టే దిగిపోయాడు.

ఇంధనం నాలుగు చుక్కలది, తప్పు వాడకందారుదే అని విచారణలో తేల్చారు. ఆ ఇంధనపు పత్రం మీద ఉన్నది నూకరత్నం వేలిముద్ర. అన్న ఆమెను ఒక్క మాట అనలేదు. "నా సెల్లి ఏలెట్టిన నూనె. అందులో తప్పుండదు. నానే సూదులు సరిగ్గా కడగనేదు" అని వదిన ముందు తలొంచుకున్నాడు. ఏడాదిగా అలా తలొంచుకునే ఉన్నాడు.

ముక్కులు వచ్చాక లేబులో వడపోత కాగితాలతో పని లేకుండా పోయింది. అరలో అడుగున ఉన్న పొట్లం దులిపి తీసి, ఎలా ఉన్నాయో చూద్దామని ఒకదాని మీద చేతికందిన తుమ్మెద సీసాలోంచి చుక్క వేసింది. నిమిషానికి చుక్క ఆరింది. టీ గ్లాసు అడుగు ముద్రలా లేత పసుపు వలయం మిగిలింది.

మచ్చ. కల్తీ. ఇంకో కాగితం మీద పిడుగు చుక్క వేసింది. అదే వలయం. మూడో చేతి కుళాయి తిప్పి కెరటం చుక్క వేసింది. అది ఆరి, ఏమీ లేనట్టు తెల్లగా మెరిసింది.

రేవులో పుట్టిన మనిషి గనక ముందు ఆమెకీ రేవు ఆలోచనే వచ్చింది: కెరటం ఒక్కటే మంచిది కాబోలని. తర్వాత, చదువుకున్నది మెల్లగా నోరు విప్పింది. పెట్రోలు ఆవిరవుతుంది. కడుగుమందు ఆవిరవదు. మందు ఉన్నచోట మచ్చ ఉండి తీరాలి.

నూనె వెళ్లిన ప్రతిసారీ ఒక సీసాకి లక్క వేసి ఏడాదిపాటు దాచడం డిపో నియమం. ఎల్లాజీ పడవలో పోసిన నూనె సీసా ఇంకా అరలోనే ఉంది. దాని లక్క పగలగొట్టి చుక్క వేసింది. కాగితం మల్లెపువ్వులా మిగిలింది.

మూడో చేతి వెనక్కి వెళ్లి చూసింది. కడుగుమందు పీపా మీద కిందటేటి తేదీ. సీలు తియ్యలేదు. గొట్టానికీ గోడకీ మధ్య సాలీడు గూడు అల్లింది. పక్కనే సాక్షిరేణువు డబ్బా మాత్రం కొత్తది, నిన్న మార్చినది. మందు లేకుండా మందు ఉందని చెప్పే సాక్షిని మాత్రం రోజూ పోస్తున్నారు. దాని కింద రోజూ తన వేలు. ఆమె నాలుగు కాగితాలూ తీసుకుని విసురుగా మేనేజరు గదికి నడిచింది.

మేనేజరు చక్రపాణి నాలుగు కాగితాలూ చూసి, బల్ల మీద వరసగా సర్ది, కళ్లజోడు తుడుచుకున్నాడు.

"చూడండి నూకరత్నం గారూ. మండలి కొలవమన్నది రేణువుని. కాగితాన్ని కాదు. ప్రమాణంలో లేనిదాన్ని మనం కొలవడమేమిటి?"

"మందు లేదు సార్. ఏడాదిగా లేదు."

"మందు వచ్చేదే తక్కువ. ఉన్నది ఊళ్లోకి పంపుతున్నాం. మూడో చేతి దగ్గరి పీపా తనిఖీకి చూపించడానికే. కారు రోడ్డు మీద ఆగితే పదిమంది వీడియో తీస్తారు. సముద్రం మీద ఆగిన ఇంజనుకి వంద కారణాలుంటాయి. ఉప్పుగాలి, తుప్పు, తాగి నడపడం."

"మా అన్న తాగడు."

ఆ సంగతి అతనికి తెలుసు, విచారణలో సంతకం పెట్టినవాళ్లలో తనూ ఒకడు.

"పదకొండింటికి రేవు ట్యాంకర్లు పన్నెండు వస్తాయి. తొమ్మిది వందల పడవలు ఎదురు చూస్తున్నాయి. మీరు వేలు వేయకపోతే పలక నా వేలు తీసుకుంటుంది. మీ ఉద్యోగం పోవడం తప్ప ఏమీ మారదు. వెళ్లండమ్మా."

అది నిజమే. కోపంలో కూడా ఆమెకి ఆ నిజం కనబడింది. వద్దంటే ఆగే యంత్రం కాదు ఇది. దీనికి అబద్ధం అందుతున్నంతసేపూ పరుగెడుతుంది. అయితే ఆ అబద్ధం అందే దారి ఒకటే. రేణువు డబ్బా కింద ఇత్తడి పిడి, జానెడంత.

పదకొండింటికి మూడో చేతి కిందకి మొదటి ట్యాంకరు వచ్చింది. ఆమె పావులీటరు పట్టి ముక్కుకి చూపించింది. ఆకుపచ్చ. అప్పుడు వెనక్కి చెయ్యి చాపి ఇత్తడి పిడి అడ్డంగా తిప్పి రేణువు ధార ఆపేసింది. పలక మీద, ఎవరూ చదవని రిమార్కుల గడిలో, "కడుగుమందు లేదు. సాక్షిరేణువు లేదు" అని రాసింది. ఏడాది తర్వాత మొదటిసారి ఆ చేతి దగ్గర నిజం మీద బొటనవేలు ఆనించింది. పంపు తెరుచుకుంది. వేలు పడ్డాక యంత్రం ఇంకేమీ అడగదు. పన్నెండు ట్యాంకర్లకీ అలాగే, నమూనాకి తెరవడం, నింపేటప్పుడు మూయడం.

డ్రైవరు సింహాద్రి చేతికి ఎల్లాజీ కోసం ఒక పొట్లం ఇచ్చింది. అందులో ఖాళీ కాగితం ఒకటి, తుమ్మెద వలయం పడిన కాగితం ఒకటి.

మూడున్నరకి ఫోను మోగింది.

"సెల్లీ, ఇంజను నెగట్నేదు. నాదొక్కటే కాదు, రేవులో ఒక్కటీ నెగట్నేదు. ఎవుడో నూనె పాడు సేసినాడని మనోలు కర్రలట్టుకుని తిరుగుతన్నారు."

"నేనే ఆపేను అన్నియ్యా."

అవతల గాలి హోరు. అతను అరిచాడు. "నీకు మతుండే సేసినావా? రెండు నెల్ల ఆకలే ఇది. సొంత రేవు నోట్లో మన్ను కొట్టినావు కదే."

"కొట్టేను. నీ కాయితం ఎలాగుంది?"

"మచ్చ నేదు. కుంకుమెట్టి అతికించినాను. అయితే ఏటి?"

"పొట్లంలో రెండోది చూడు."

కాగితం విప్పిన చప్పుడు. "ఇదేటి, దీనికి మచ్చుంది."

"మచ్చ ఉండాల. సూదులు కడిగే మందు ఉంటే మచ్చ పడతాది. అది కార్లకి పోసే నూనె. మనకి పోసేదాన్లో మందు లేదు. దానయ్య పోయినప్పుడు నీ పడవలో పోసినదాన్లోనూ లేదు. సీసా విప్పి చూసేను. దాని మీద ఉన్నది నా ఏలే."

ఆమె తిట్టు కోసం కాచుకుని ఉంది. ఎన్ని తిట్టినా పడడానికి సిద్ధపడే ఉంది.

"అయితే," అన్నాడు చివరికి, చిన్నపిల్లాడిలా, "నాను కడగక కాదా?"

"కాదన్నియ్యా. నువ్వు బాగానే కడిగేవు."

ఫోను పెట్టేశాడు. నూకరత్నం బల్ల మీద తల ఆనించి ఏడ్చింది. ఏడాది కిందటే ఏడవాల్సింది.

అయిదింటికి డిపో గేటు బయట జనం. కేకలు లేవు, అదే భయంగా ఉంది. ఒక్కొక్కరి చేతిలో ఒక తెల్లకాగితం, నాలుగు మూలలా కుంకుమ, పడవ మొగం మీంచి ఊడబీకి తెచ్చినవి. వందల కాగితాలు, ఒక్కదాని మీదా మచ్చ లేదు. అందరికంటే ముందు ఎల్లాజీ నిలబడి ఉన్నాడు. తల ఎత్తి ఉంది.

చక్రపాణి పరుగున వచ్చాడు. పలక మీద పన్నెండు రిమార్కులూ ఇప్పుడే చదివినట్టున్నాడు, ముఖం పాలిపోయింది. "ఆ పిడి తెరవండి. రేణువు పట్టించి పంపిద్దాం. ఏం కావాలట వాళ్లకి?"

నూకరత్నం లేచి, సీలు తియ్యని పీపా దగ్గరకి నడిచి, గోడకి తగిలించిన సుత్తి అందుకుంది.

"మచ్చ పడే నూనె కావాలట సార్," అంది.