కొలవకముందే తడిసిన పొర

"పేషెంట్ చస్తే, ఆ ముఠాకి అమ్ముడుపోయిన మనవాళ్లెవరో ఇక తెలీదు," అన్నాడు చీఫ్. "పేర్లు జడ్జికే చెబుతాడట. ఎల్లుండి ఆయన వచ్చాక మంచం మీంచే వాంగ్మూలం ఇస్తాడు. అందాకా నీదే పూచీ."

ఏజెంట్ డేగ తలూపాడు. ఆ పేషెంట్ అతని బావ. విదేశీ ముఠా చెరలో తిన్న తన్నులకి మూత్రనాళం చితికిపోయింది. ఆపరేషన్ ఇంకా ఆలస్యమైతే కిడ్నీలు దక్కవు.

"బుగ్గ లోపలి పొర తీసి నాళానికి అతికిస్తానన్నాడు సర్జన్," అన్నాడు చీఫ్. " నోరు ముట్టుకోవద్దన్నాను. మనకి కావలసింది ఆ నోరే! జంతు కణజాలంతో తయారైన పొర వాడతారు. కంపెనీ మనిషి వేషంలో నెమలి తెస్తుంది."

నెమలి! డేగతో ఎన్నో మిషన్లు చేసిన అందగత్తె. అతని ప్రాణం కాస్త కుదుటపడింది.

"భయమా బావా?" ఆపరేషన్‌కి తీసుకెళ్లేముందు మంచం పక్కన నిలబడి అడిగాడు డేగ.

"మీ అక్కని చేసుకున్ననాడే అది పోయిందిరా," అన్నాడు బావ. పట్టుకున్న చెయ్యి మాత్రం వదల్లేదు.

థియేటర్లో డేగ నర్సు వేషంలో ఉన్నాడు. విషం పసిగట్టే పెన్ స్కానర్‌ను నెమలి తెచ్చిన పొర ప్యాకెట్ మీద తిప్పాడు. పచ్చ లైటు. సీలు భద్రం. అయినా మనసు కీడు శంకిస్తూనే ఉంది.

మత్తులో ఉన్న బావ మూత్రనాళాన్ని సర్జన్ తెరిచాడు. "స్కేలు."

డేగ అందిస్తూ పక్కకి చూశాడు. నెమలి గిన్నెలో పొర అప్పటికే నానుతోంది!

ఈ వేషం కోసం పొందిన ట్రైనింగ్‌లో తిట్టిమరీ నేర్పింది ఒక్కటే: గాయాన్ని కొలిచాకే ప్యాకెట్ విప్పాలి, ఆ తర్వాతే సెలైన్లో తడపాలి.

సర్జన్ కొలిచాడు. పొరను ఫోర్సెప్స్‌తో ఎత్తాడు. అది గాయానికి వేలెడు దూరంలో ఉండగా డేగ అతని మణికట్టు పట్టేశాడు.

"ఏయ్! పిచ్చా నీకు?"

"కొలవకముందే ఎందుకు తడిపావ్?" డేగ చూపు నెమలి మీదే ఉంది.

"తొందరలో..."

"అయితే గ్లవ్ తీసి ఆ నీళ్లలో వేలు ముంచు."

ఆమె చెయ్యి వెనక్కి లాక్కుంది. గార్డులు చుట్టుముట్టారు.

"అతను నోరు విప్పితే మొదటి పేరు నాదే, డేగా," అంది. గొంతులో ఎప్పటి చనువే. అదే అతణ్ని ఎక్కువ బాధించింది.

సర్జన్ గ్లవ్స్ మార్చాడు. "బుగ్గ పొరే తీస్తున్నా. మీ చీఫ్‌తో మీరే పడండి."

సాయంత్రం చీఫ్ పరుగున వచ్చాడు. "డాక్టర్! ఎల్లుండి మాట్లాడతాడా?"

"మాట్లాడతాడు," అన్నాడు సర్జన్. "మూతి మాత్రం మీ మీద అలిగినట్టు ఉంటుంది. సర్దుకుపోండి."