బయటికి వచ్చిన ఫ్లాస్కు

శుక్రవారం ఉదయం ఏడుంపావు.

స్వీపరు గడియ తీసి స్టీలు తలుపు లాగింది. లోపలి నుంచి వేడి గాలి మొహాన కొట్టింది. గుమ్మంలోనే హన్నా పడి ఉంది. చనిపోయి చాలా గంటలైంది.

అది బందరు నుంచి గూడూరు వెళ్లే రోడ్డు మీద ఒక ప్రైవేటు రీసెర్చ్ సెంటర్. హన్నా అక్కడ ఈస్ట్ మీద పరిశోధన చేసే అమ్మాయి. ఊరు పమిడిముక్కల. ఆమె చనిపోయిన గదిని టెంపరేచర్ రూమ్ అంటారు. గది మొత్తం ఒకే వేడిలో ఉంచుతారు. కంట్రోల్ ప్యానెల్ బయట గోడకి ఉంది. రోజూ ఇరవై అయిదు డిగ్రీలు చూపించే ప్యానెల్ ఆ ఉదయం యాభై రెండు చూపిస్తోంది. లోపలి కేక బయటికి వినపడనంత మందం ఆ తలుపు. దానికి లోపలివైపు హ్యాండిల్ ఊడిపోయి ఏడాదైంది. దాన్ని బాగు చేయించే తీరిక అంత పెద్ద సెంటర్లో ఒక్కరికీ లేకపోయింది.

సర్కిల్ ఇన్‌స్పెక్టర్ రత్నరాజు వచ్చేసరికి ఎస్సై దుర్గాశ్రీనివాస్ కేసు తేల్చేశాడు. గది వేడిని అదుపు చేసే థర్మోస్టాట్ ఆ నెలలో రెండుసార్లు పాడై వేడి పెరిగిందట. వాచ్‌మన్ నాంచారయ్య రాత్రి ఎనిమిదిన్నర రౌండులో ప్రతి గదికీ గడియ పెడతాడట. లోపల మనిషి ఉందని చూడకుండా పెట్టేశాడు. నిర్లక్ష్యం వల్ల మరణం.

"ఒప్పుకున్నాడు సార్. నేనే చంపేశానని ఏడుస్తున్నాడు."

నాంచారయ్య జీపులో కూర్చుని ఉన్నాడు. మొహానికి తువ్వాలు అడ్డం పెట్టుకున్నాడు. సముద్రం మీద వేట మానేసి ఈ ఉద్యోగంలో చేరిన మనిషి. జైలుకి పంపితే మాట్లాడకుండా వెళ్లేలా ఉన్నాడు. అంత సులువుగా ఒప్పుకున్న కేసంటే రత్నరాజుకి చిరాకు.

ఆయన గదిలోకి వెళ్లాడు. మూల బల్ల మీద షేకర్ ఉంది. ఈస్ట్ పెరిగే ఫ్లాస్కుని ఆపకుండా కుదిపే మెషీన్ అది. స్విచ్ ఆఫ్ చేసి ఉంది. ఫ్లాస్కు పెట్టే క్లిప్పు ఖాళీగా ఉంది. శవం మీది ఏప్రన్ జేబులో ఒక చిన్న ట్యూబు దొరికింది. మూత మీద హన్నా చేతిరాత: రాత్రి 8.00.

ల్యాబ్ హెడ్ సుమలతని అడిగితే గంటకోసారి ఫ్లాస్కులోంచి తీసే శాంపిల్ అని చెప్పింది. షేకర్ పక్కనే నిలబడి తీసి, అక్కడికక్కడే మూత బిగించాలి. ఫ్లాస్కుని ఇంకో చోటికి మోస్తే వేడి మారి శాంపిల్ చెడిపోతుంది.

"అంత సున్నితమా?"

"ఇది హన్నా కనిపెట్టిన మ్యూటెంట్ అండీ, జన్యువు మారిన ఈస్ట్. కణం రెండు కావాలంటే దాని నడుము చుట్టూ ఒక రింగు బిగుసుకోవాలి, సంచి మూతికి తాడు బిగించినట్టు. ఆ తాడుని లాగే మోటారు ప్రోటీన్ పేరు మయోసిన్. ఈ రకంలో ముప్ఫయ్ ఆరు డిగ్రీలు దాటితే మయోసిన్ పని చెయ్యదు. కణాలు పొడుగ్గా సాగుతాయి గానీ తెగవు. కొన్ని గంటల్లో చచ్చిపోతాయి."

ఫ్రీజర్లో దాచిన స్టాకు కిందటి వారం కరెంటు పోయి పాడైంది. ప్రాణంతో ఉన్నది ఆ ఫ్లాస్కు ఒక్కటే.

"ఇప్పుడెక్కడుంది?"

"వరండా చివర ఇంకో మెషీన్‌లో ఉంది సార్, ఇరవై అయిదులో" అన్నాడు ఉదయ్ కిరణ్. హన్నా తోటి స్కాలర్. "సాయంత్రం ఆరింటికే హన్నా అక్కడికి మార్చింది. నా కళ్లతో చూశాను. తర్వాత నేను వెళ్లిపోయాను."

అతన్నెవరూ అడగలేదు. గుమ్మడికాయల దొంగ ఎవరంటే భుజాలు తడుముకున్నట్టుంది వ్యవహారం.

సుమలత ఫ్లాస్కులోంచి ఒక చుక్క మైక్రోస్కోప్ కింద పెట్టింది. కణాలన్నీ చక్కగా రెండేసి అవుతున్నాయి. ఆ ఈస్ట్‌కి వేడి తగలనే లేదు.

తొమ్మిదీ ముప్పావుకి రత్నరాజు అందర్నీ వరండాలో నిలబెట్టాడు. శవాన్ని ఇంకా తీసుకెళ్లలేదు. అయినా సుమలత అప్పటికే హన్నా పని ఉదయ్‌కి అప్పగించిందని ఆయనకి తెలిసింది. మనుషుల మీద ఆయనకి అసహ్యం వేసింది.

"థర్మోస్టాట్ తనంతట తాను చెడిపోతే ఈస్ట్ కూడా హన్నాతో పాటే చావాలి. చావలేదు. అంటే గది వేడెక్కుతుందని ఎవరికో ముందే తెలుసు. మనిషిని లోపల వదిలేసి, ఫ్లాస్కుని మాత్రం కాపాడుకున్నారు. నాంచారయ్యకి ఆ ఫ్లాస్కు ఒకటే, కాఫీ ఫ్లాస్కు ఒకటే."

ఆయన జేబులోంచి ట్యూబు తీసి ఉదయ్ వైపు తిరిగాడు.

"ఫ్లాస్కు ఆరింటికే వరండా చివరికి మారిపోతే, ఎనిమిదింటి శాంపిల్ జేబులో పెట్టుకుని హన్నా ఈ గదిలో ఎందుకుంది ఉదయ్?"

ఉదయ్ కిరణ్ ట్యూబు వైపు చూశాడు. అతని ఫెలోషిప్ ఆ నెలాఖరుకి ముగిసిపోతోంది. నాలుగేళ్లలో చేతికొచ్చిన ఫలితం సున్నా. ఆ ఈస్ట్ రకాన్ని తనకీ ఇమ్మని అడిగితే హన్నా రెండుసార్లు కాదంది.

"థర్మోస్టాట్ మళ్లీ తేడాగా ఉంది, ఫ్లాస్కు వరండా మెషీన్‌లో పెడతానన్నాను" అన్నాడు నెమ్మదిగా. "తనే షేకర్ ఆపి, తీసి ఇచ్చింది. థాంక్స్ కూడా చెప్పింది."

"గడియ పెట్టి వేడి పెంచావు. ఫ్లాస్కు అక్కడే వదిలేసుంటే మేమెవరం నిన్ను పట్టుకునేవాళ్లం కాదు."

"అలాంటి మ్యూటెంట్ దొరకడమే గగనం సార్. దాన్నెలా చంపుకుంటాను?"

దుర్గాశ్రీనివాస్ అతని చెంప మీద కొట్టాడు. రత్నరాజు ఆపలేదు.

ఉదయ్‌కి బేడీలు వేశాక నాంచారయ్యని జీపులోంచి దింపారు.

"తప్పు నీది కాదు. నువ్వొచ్చేసరికే గడియ పడి ఉంది. ఇంటికెళ్లు" అన్నాడు రత్నరాజు. ఆయనకి ఆ ఉదయం మొదటిసారి మనసు తేలికపడింది. ఫ్లాస్కు సంగతీ, షేకర్ ఆపిన సంగతీ వివరంగా చెప్పాడు.

నాంచారయ్య వెళ్లలేదు.

"అయితే నేను రౌండుకొచ్చేసరికి ఆ మిషను ఆగిపోయే ఉందాండీ?"

"అప్పటికి అరగంట అయింది."

"తలుపు దడదడలాడతా ఉందండీ. మిషను ఆడితే రోజూ అట్టాగే అదురుద్ది. అదే అనుకున్నా. అదురుకి గడియ ఊడిపోద్దేమోనని ఇంకాస్త గట్టిగా బిగించి ఎల్లానండీ."

నాంచారయ్య తువ్వాలు భుజాన వేసుకుని, వెళ్లి మళ్లీ జీపులో కూర్చున్నాడు.