కాటు కుదరని పన్ను

“పన్ను పోయిన ఏజెంటు కావాలి,” అన్నాడు చీఫ్ జగదీశ్వర్. “మన డిపార్ట్‌మెంటులో నువ్వొక్కడివే దొరికావు.”

యేసుకుమార్ నవ్వలేదు. కిందటి మిషన్‌లో ఎవడో పిస్టల్ పిడితో కొడితే కింది దవడలో ఒక పన్ను ఊడిపోయింది. అప్పటి నుంచి ఎడమ పక్క నమలడం మానేశాడు.

బసంత్‌నగర్‌లో సిమెంట్ లారీలు బారులు తీరిన రోడ్డు పక్క, ఒక ధాబా వెనక గదిలో జరుగుతోంది బ్రీఫింగ్. చీఫ్ ల్యాప్‌టాప్ ఇటు తిప్పాడు. స్క్రీన్ మీద దవడ ఎక్స్‌రే. ఎముకలోకి దిగిన చిన్న స్క్రూ తెల్లగా మెరుస్తోంది.

“డెంటల్ ఇంప్లాంట్. పన్ను పోయిన చోట ఎముకలో టైటానియం స్క్రూ బిగిస్తారు. ఎముక దాన్ని గట్టిగా పట్టుకున్నాక పైన పింగాణీ పన్ను తొడుగుతారు. దాన్ని క్రౌన్ అంటారు. ఒక విదేశీ ముఠా ఆ క్రౌన్‌లో మైక్రోచిప్ పెట్టి దేశం దాటించబోతోంది. ఎయిర్‌పోర్టులో నోరు తెరవమని ఎవడడుగుతాడు?”

“చిప్‌లో ఏముంటుంది సార్?”

“పవర్ గ్రిడ్ సేఫ్టీ కోడ్స్. అవి వాళ్ళ చేతిలో పడితే కూర్చున్న చోటు నుంచే సగం దేశాన్ని చీకటి చేస్తారు. దవాఖానలు, రైళ్ళు, గనుల్లో ఫ్యాన్లు, అన్నీ ఆగుతాయి.”

ఆ చివరి మాట యేసుకుమార్‌కు తగిలింది. అతని తండ్రి దేవసహాయం బొగ్గుబావిలో దిగి పనిచేసినవాడు. ఫ్యాన్ ఆగితే కింద ఉన్నవాళ్ళ గతి ఏమిటో ఆ ఇంట్లో పిల్లలక్కూడా తెలుసు.

“క్లినిక్ గోదావరిఖనిలో ఉంది. డాక్టర్ సారిక మన మనిషే. ముఠాలో చేరినట్టు నటిస్తున్న డబుల్ ఏజెంట్. నువ్వు పేషెంటుగా వెళ్ళి, కొరియర్ ఎవడో పట్టుకో.”

వారం తిరక్కుండా యేసుకుమార్ సోలార్ ప్యానెళ్ళ సేల్స్‌మన్ వేషంలో, జేబులో డిపార్ట్‌మెంటు ఇచ్చిన ఫ్లాష్ పెన్నుతో గోదావరిఖనిలో దిగాడు. బొగ్గు ఊళ్ళో ఎండను అమ్మేవాడితో మాట కలపడానికి ఎవరూ ఎగబడరు. అతనికి కావలసిందీ అదే.

సారిక నల్లచీరలో, తెల్లకోటులో సినిమా పోస్టర్ మీది నుంచి దిగి వచ్చినట్టుంది. కానీ ఆమె పక్కన అసిస్టెంట్ రాయమల్లు ఎప్పుడూ ఉండేవాడు. వాడు ముఠా పెట్టిన కాపలా. వాడి ముందు ఆమె పళ్ళ సంగతి తప్ప ఇంకో మాట ఎత్తేది కాదు. దవడకు మత్తిచ్చి స్క్రూ బిగించిన రోజున యేసుకుమార్ అడిగాడు.

“పైన పన్ను ఎప్పుడు పెడతరు డాక్టర్?”

“మూడు నాలుగు నెలలు పడతది. ఎముకకు తొందర తెల్వదండి. దాని పని దాన్ని చేసుకోనియ్యాలె.”

తుపాకీ ముందు నిలబడడం వచ్చుగాని యేసుకుమార్‌కు ఊరికే కూర్చోవడం రాదు. ఓపెన్‌కాస్టు బొగ్గు గనిలో బ్లాస్టింగ్ జరిగినప్పుడల్లా అద్దెగది కిటికీలు అదిరేవి, దాంతో పాటు అతని దవడా సలిపేది. ఇంటావిడ లస్మవ్వ రోజూ జొన్నరవ్వతో మెత్తటి గట్క వండి పెట్టేది.

“గిన్ని నెలలైతే చంటిపిల్లకే పండ్లొస్తయి బిడ్డా,” అంది ఒకరోజు. “నీకు ఒక్కటి రాదాయె.”

మిషన్ కూడా ఆ పన్నులాగే ఎటూ కదల్లేదు. మందమర్రిలో ముఠా మనుషులు కలుస్తున్నారని తెలిసి చీఫ్‌కు చెప్పి వెళ్ళాడు. ఇల్లు ఖాళీ. శ్రీరాంపూర్‌లో ఒక ఇంజనీరును అనుమానించి చీఫ్‌కు చెప్పాడు. మర్నాటికి అతను ఊళ్ళోనే లేడు. చివరికి చీఫ్‌కు చెప్పే, అదే క్లినిక్‌లో పన్ను పెట్టించుకున్న వేణుమాధవ్ అనే కాంట్రాక్టరును రామగుండం స్టేషన్లో రైల్లోంచి దింపి, క్రౌన్ ఊడదీయించి చూస్తే అందులో పింగాణీ తప్ప ఏమీ లేదు. ఆ కాంట్రాక్టర్ తిట్టిన తిట్లు ప్లాట్‌ఫాం అంతా విన్నది.

ఆ సాయంత్రమే చీఫ్ ఫోన్.

“మిషన్ క్యాన్సిల్. రేపు పొద్దున క్రౌన్ పెట్టించుకుని వచ్చెయ్. దుబాయ్‌లో కొత్త డ్యూటీ. బసంత్‌నగర్ పాత రన్‌వే మీద చార్టర్ విమానం ఉంటుంది. ఈ సంగతి మనిద్దరి మధ్యనే.”

యేసుకుమార్ ఫోన్ మంచం మీదికి విసిరాడు. ఇన్ని నెలలు మింగిన గట్క అంతా వృథా.

మర్నాడు సారిక క్రౌన్ బిగించింది. అతను పళ్ళు కలిపి చూశాడు. కొత్త పన్ను ఎత్తుగా ఉంది. మిగతావి కలవడం లేదు.

“కాటు కుదరలే డాక్టర్.”

అంతకు ముందు తాత్కాలికంగా పెట్టిన పన్నుకే కాటు చూసే నీలికాగితం కొరికించి మూడుసార్లు సరిచేసిన మనిషి, ఈసారి గ్లవ్స్ తీసేసింది.

“ఇక్కడ ఎవరికీ చూపెట్టకండి. దుబాయ్‌ల మా ఫ్రెండు ఉన్నది, సరిచేస్తది.”

ఆమె అతని కళ్ళలోకి ఒక క్షణం ఎక్కువే చూసింది. పక్కన రాయమల్లు ముసిముసిగా నవ్వాడు. చిరాకులో యేసుకుమార్ అవేవీ పట్టించుకోకుండా బయటికి నడిచాడు.

ఏళ్ళుగా విమానం దిగని పాత రన్‌వే మీద గడ్డి మొలిచింది. చిన్న విమానం రెక్క కింద చీఫ్ నిలబడి ఉన్నాడు. ఇంజన్ అప్పటికే తిరుగుతోంది. యేసుకుమార్ మెట్టు మీద కాలు పెట్టి కసిగా పళ్ళు కొరికాడు. ఆ పన్ను మళ్ళీ అడ్డం తగిలింది. “దుబాయ్‌ల సరిచేస్తది” అన్న సారిక మాట గుర్తొచ్చింది.

కాలు అక్కడే ఆగిపోయింది. దుబాయ్ మాట ఇద్దరికే తెలుసు. ఆ ఇద్దరిలో తను ఎవరికీ చెప్పలేదు. మందమర్రి, శ్రీరాంపూర్, రైల్లో దొరికిన ఉత్త క్రౌన్, అన్నీ ముందుగా తెలిసింది ఒక్కరికే. కాపలా ముందు నోరు విప్పలేని సారిక, ఆ పన్నుతోనూ ఆ మాటతోనూ హెచ్చరించింది.

కొరియర్ తనే.

“ఎక్కు,” అన్నాడు వెనక నుంచి చీఫ్.

“పన్ను నొప్పిగా ఉంది సార్. ఇక్కడే తీయించుకుంటాను.”

వీపుకు పిస్టల్ ఆనింది. “వాళ్ళకు కావలసింది పన్ను. నువ్వు బతికి దిగాలని ఎవరూ అడగలేదు.”

యేసుకుమార్ జేబులోని ఫ్లాష్ పెన్ను తీసి వెనక్కి తిప్పి నొక్కాడు. భగ్గుమన్న ఫ్లాష్‌కు చీఫ్ కళ్ళు బైర్లు కమ్మాయి. గురి తప్పి పేలిన గుండు విమానం తలుపుకు తగిలింది. మరుక్షణం యేసుకుమార్ తన్నిన తన్నుకు పిస్టల్ గడ్డిలో పడింది, చీఫ్ దాని పక్కన పడ్డాడు. కానీ పైలట్ లోపలి నుంచి యేసుకుమార్ కాలర్ దొరకబుచ్చుకుని లాగుతూ విమానాన్ని కదిలించాడు. చక్రాలు వేగం అందుకుంటున్నాయి.

సరిగ్గా అప్పుడే ఒక సిమెంట్ లారీ గడ్డిలోంచి వచ్చి రన్‌వేకి అడ్డంగా ఆగింది. పైలట్ కాలర్ వదిలేసి బ్రేకులు వేయక తప్పలేదు. విమానం ముక్కు లారీకి జానెడు దూరంలో నిలిచింది. వెనకే వచ్చిన పోలీసు జీపు నుంచి దిగినవాళ్ళు పైలట్‌నూ, చీఫ్‌నూ పట్టుకున్నారు.

లారీ క్యాబిన్లోంచి సారిక దిగింది. నల్లచీర సిమెంటు కొట్టుకుని తెల్లబడింది.

“రాయమల్లుకు మత్తు సూది పొడిచి, పోలీసులకు చెప్పి వచ్చిన,” అంది. “చీఫే వాళ్ళ మనిషని, మిమ్మల్ని ఇక్కణ్నుంచే దుబాయ్ పంపుతడని నాకు నిన్ననే తెల్సింది. బెదిరించి చిప్పు మీ నోట్లనే పెట్టించిన్రు. నోరు తెరవండి.”

చిన్న స్క్రూడ్రైవర్‌తో ఆమె క్రౌన్ విప్పింది. లోపల బియ్యపు గింజంత నల్లటి చిప్. పోలీసు అధికారి రెంటినీ కవర్లో పెట్టి సీలు వేశాడు.

యేసుకుమార్ నాలుకతో మళ్ళీ ఖాళీ అయిన చోటును తడుముకున్నాడు. “చిప్పు మీ దగ్గరే పెట్టుకోండి. నా పన్ను నాకిస్తరా?”

“ఎవిడెన్స్ సార్,” అన్నాడు అధికారి. “ కేసు తేలినంక కోర్టు వాపసిస్తది.”

మన కోర్టులు నడిచే తీరు యేసుకుమార్‌కు తెలుసు. ఆ పన్ను చేతికొచ్చేనాటికి, దాని పక్కన నిలబడడానికి నోట్లో ఇంకో పన్ను మిగిలి ఉంటే అదృష్టమే.