దువ్వెనకు మెడ ఉండదు

గూడుమర యంత్రం హాలు మధ్యలో చతికిలబడి, గ్రైండర్‌ను రెండు చేతులతో ఎత్తి, నెమ్మదిగా చుట్టూ తిప్పి చూసింది. పొద్దుటి నుంచి ప్రతి వస్తువుకూ అడిగినట్టే దీనికీ అడిగింది.

"దీనికి ఏం జరుగుతుందని మీ భయం?"

"ఒకటా రెండా?" అంది హైమవతి. "రాయి కదిలి గిన్నెకి కొట్టుకుంటుంది. గిన్నె సొట్టపోతుంది. మధ్యలో కడ్డీ ఉంది చూడు, అది మెడ దగ్గర విరుగుతుంది. విరిగితే ఆ మంచుదేశంలో కడ్డీ ఎవడిస్తాడు? ఇడ్లీల్లేక పిల్ల చిక్కి సగమైపోతుంది. వైరు కూడా చూసుకో, ఎలకలుంటాయేమో దార్లో."

"అమ్మా, సముద్రం అడుగున ఎలకలేంటి?" అంది తొమ్మిదేళ్ల కుందన, సోఫా తీసేసిన చోట నేల మీద బోర్లా పడుకుని.

"నువ్వు గమ్మునుండవే."

గూడుమర పొట్టలోంచి లేతనీలం నురుగు బుసబుసమంటూ వచ్చింది. కడ్డీ చుట్టూ గట్టిగా, వైరు దగ్గర మెత్తగా, రాయి కింద మందంగా పేరుకుని రెండు నిమిషాల్లో ఆరిపోయింది. పని పూర్తయ్యేసరికి గ్రైండర్ దూడంత అయింది.

అది 2094వ సంవత్సరం. గ్రీన్‌లాండ్‌లో మంచు కరిగి నేల బయటపడ్డాక అక్కడ వరి వేయడం మొదలుపెట్టారు. వరి సంగతి తెలిసినవాళ్లు కావాలంటూ గోదావరి జిల్లాల నుంచి కుటుంబాలకు కుటుంబాలనే పిలిపించుకుంటున్నారు. హైమవతి భర్త త్రినాథ్ విత్తనాల టెక్నీషియన్. మూడు నెలల క్రితమే ఓడలో వెళ్లి ఇల్లు చూశాడు. ఇవాళ సాయంత్రం ఆరింటికి తల్లీకూతుళ్లూ సామానూ కలిసి కాకినాడ నుంచి సముద్రనాళంలో బయలుదేరాలి.

సముద్రనాళమంటే సముద్రగర్భంలో వేసిన సీ ట్యూబ్. లోపల గాలి ఉండదు కాబట్టి పెట్టెలు తుపాకీ గుండ్లలా దూసుకుపోతాయి. అయిదు గంటల్లో గ్రీన్‌లాండ్. కష్టమంతా బయలుదేరేటప్పుడూ ఆగేటప్పుడూనే. ఆ కొన్ని క్షణాలు త్వరణం వల్ల ప్రతి వస్తువూ ఆరింతలు బరువెక్కుతుంది. పింగాణీ కప్పు తన బరువుకే తాను పగిలిపోతుంది. అందుకే వస్తువుకు తగిన గూడు అల్లే ఈ అడాప్టివ్ ఫోమ్ ప్యాకర్‌ను డాక్టర్ నిశాత్ తయారుచేసి, గూడుమర అని పేరు పెట్టింది. మొదటి వంద ఇళ్లకూ యంత్రంతో పాటు తనే వస్తోంది. ఇది పద్దెనిమిదో ఇల్లు.

"డాక్టరమ్మా, నాకొకటి తెలీక అడుగుతాను," అంది హైమవతి. యంత్రానికీ బీరువాకీ మధ్య అడ్డంగా నిలబడే మాట్లాడుతోంది ఆమె. "దానికి అంత పెద్ద కన్నుంది కదండీ, చూసి కట్టేయొచ్చుగా. నా భయాలతో దానికేం పని? ఇవన్నీ ఎక్కడికి పోతాయి?"

"ఎక్కడికీ పోవక్కా. దాని బుర్రలోనే ఉండి, మీరక్కడ పెట్టెలు విప్పగానే చెరిగిపోతాయి." నిశాత్ కిటికీ గట్టు మీద కూర్చుని టీ తాగుతోంది. "కన్ను పైపైనే చూస్తుంది. ఆ కుర్చీ కాలు ఒకసారి ఊడితే ఫెవికాల్ పెట్టి అంటించారని కన్నుకేం తెలుసు? మొదట్లో దీనిచేత 'ఇందులో ఏది బలహీనం' అని అడిగించాం. ఎవరూ చెప్పలేదు. మా సామానంతా బ్రహ్మాండంగా ఉందనేవారు. 'ఏమవుతుందని భయం' అని అడగడం మొదలెట్టాక అన్నీ బయటికొచ్చాయి."

ఆ 'బయటికొచ్చాయి' అన్న మాట హైమవతికి నచ్చలేదు. బయటికి రాకూడనివి ఎవరింట్లో ఉండవు?

ఆమె ఇంట్లోనూ ఒకటుంది. నాలుగేళ్ల క్రితం కుందన వాటర్‌ట్యాంకు నిచ్చెన మీంచి పడింది. మెడ వెనక రెండు ఎముకలు చిట్లితే రాజమండ్రిలో ఒక డాక్టరు సన్నని లోహపు తీగతో కలిపి కుట్టాడు. ఇప్పుడు పిల్ల గెంతుతుంది, తాడాట ఆడుతుంది, మచ్చ జడ కింద దాగిపోయింది. ఇంట్లో ముగ్గురికీ, ఆ డాక్టరుకూ తప్ప ఆ సంగతి ఎవరికీ తెలియదు. ప్రయాణం ఫారంలో ఆపరేషన్లున్నాయా అన్నచోట హైమవతి లేవని రాసింది. రాస్తే నాళం ఎక్కనివ్వరు. ఆ మెడకు అన్నాళ్లు ఓడ కుదుపులూ పడవు. మొగుడక్కడా తామిక్కడా ఎన్నేళ్లుండాలి? కానీ ఆరింతల బరువు సంగతి ఆమెకు పొద్దున్న నిశాత్ నోటనే తెలిసింది. అప్పటి నుంచి పిల్ల తల ఆరు తలల బరువై ఆ తీగ మీద ఆనుతున్నట్టే కనిపిస్తోంది.

"అమ్మా, మనల్ని కూడా ఇదే ప్యాక్ చేస్తుందా?" అంది కుందన గుమ్మం పక్కనున్న రెండు పడకపెట్టెల్ని చూస్తూ. "అందులో ఊపిరాడక నేను..."

హైమవతి ఒక్క అంగలో వెళ్లి పిల్ల నోరు మూసింది. "తప్పు! తథాస్తు దేవతలు పైన తిరుగుతుంటారు. అలాంటి మాటంటే తథాస్తు అనేసి పోతారు."

"మరి పొద్దుట్నించీ నువ్వు విరిగిపోద్ది, పగిలిపోద్ది అంటూనే ఉన్నావుగా?"

"గిన్నెలకీ గరిటెలకీ వాళ్లు దిగిరారు. మనుషుల మీద మాటే వింటారు."

"మా నానమ్మా ఇంతే," అంది నిశాత్ నవ్వుతూ. "ఇంట్లో చెడుమాట వస్తే మూడ్రోజులు సణిగేది."

పని సాగింది. కూజా వచ్చింది. మెడ సన్నం, పుటుక్కుమంటుందని హైమవతి చెప్పింది. టేబుల్ ల్యాంపు వచ్చింది. దాని మెడ అప్పటికే కొంచెం వదులని చెప్పింది. గొడుగు, గరిటె, నూనె సీసా, గోడగడియారం, ఒక్కొక్కటీ వచ్చి నీలం ముద్దలై గోడవారగా చేరాయి. పెద్దపళ్ల దువ్వెన వచ్చినప్పుడు కూడా ఆమె చాలాసేపు మాట్లాడింది.

వంటింట్లోంచి చింతపండు డబ్బా వచ్చింది. అడుగున పాతగుడ్డలో చుట్టి ఆమె చంద్రహారం, రెండు జతల గాజులు ఉన్నాయి.

"దీనికి ఏం జరుగుతుందని మీ భయం?"

"దానికేమవుతుంది? పాత చింతపండు. ఏమీ కాదు," అంది హైమవతి, ఎటో చూస్తూ.

గూడుమర డబ్బా చుట్టూ వేలెడు మందాన నురుగు పూసి పక్కన పెట్టింది. అంతే. హైమవతి లోలోపల నవ్వుకుంది. ఎంత కన్నుంటే ఏం, చెప్పకపోతే దానికేమీ తెలియదు! కొంచెంసేపటికి ఆ మాటే తనకు ఎదురు తిరిగింది. చెప్పకపోతే దానికి తెలియదు. చెప్పనిదానికి వేలెడు నురుగే.

మూడున్నరకు ఇల్లంతా ఖాళీ అయింది. బయట లారీ వచ్చి ఆగింది. మిగిలినవి రెండు పడకపెట్టెలే.

"మనుషుల విషయంలో ఒక నియమముందక్కా," అంది నిశాత్. "ఎవరి గురించి వాళ్లు చెప్పుకోకూడదు. మొదట్లో నలభైమందిని అడిగితే నలభైమందీ నాకేం కాదనే అన్నారు. అందుకని పాప గురించి మీరు చెప్పాలి, మీ గురించి పాప చెబుతుంది. మనుషుల ఒంట్లోకి కిరణాలు పంపి చూడ్డానికి చట్టం ఒప్పుకోదు. మీ మాటే దీనికి ఆధారం."

కుందన బూట్లు విప్పి పెట్టెలో పడుకుంది. గూడుమర పెద్దకన్ను పిల్ల మీదికి వంగింది.

"ఈమెకు ఏం జరుగుతుందని మీ భయం?"

హైమవతి నోరు తెరిచింది. మెడ అన్న మాట నాలుక చివరే ఉంది. పొద్దుటి నుంచి అక్కడే ఉంది. ఇప్పుడు అంటే పైన తథాస్తు దేవతలుంటారు. ఇక్కడ ఈ డాక్టరమ్మ ఉంటుంది, రాసుకుంటుంది, పెట్టెలోంచి పిల్లను లేవమంటుంది. అనకపోతే... ఆ తరువాత జరిగేది ఆమె మనసులో కూడా అనుకోలేకపోయింది.

"ఏమీ కాదు," అంది. "నా తల్లి క్షేమంగా వెళ్తుంది."

"సరేనక్కా. అలాగైతే మామూలు పిల్లలకు వేసే నురుగే వేస్తుంది," అంది నిశాత్.

నురుగు గొట్టం కుందన భుజాల దాకా వచ్చి ఆగిపోయింది.

"ఈ సమాధానం నాకు సరిపోవడం లేదు," అంది గూడుమర.

నిశాత్ టీ గ్లాసు కింద పెట్టింది. ఇంతకుముందు పదిహేడు ఇళ్లలో అది ఇలా ఆగలేదు. "ఎందుకు?"

"పొద్దుటి నుంచి నూట ఎనభై రెండు వస్తువులకు భయాలు చెప్పారు. యాభై మూడింటికి మెడ విరుగుతుందన్నారు. కూజాకు మెడ ఉంది. గొడుగుకు ఉందనుకోవచ్చు. గోడగడియారానికి లేదు. దువ్వెనకు మెడ ఉండదు. ఆ మాట అన్న ప్రతిసారీ మీరు వస్తువును చూడలేదు, పాపను చూశారు."

"చూడండి డాక్టరమ్మా!" హైమవతి గొంతు పైకి లేచింది. "నేను ముందే అన్నానా! సర్దడానికొచ్చిందా, ఇంట్లో మనుషుల్ని కాపలా కాయడానికొచ్చిందా ఇది? నేనెటు చూస్తే దానికెందుకు?"

"ఏమీ కాదని మీరు ఇంకొక్క వస్తువుకే అన్నారు," అంది గూడుమర అదే గొంతుతో. "చింతపండు డబ్బా. తరువాత దానివైపు పదకొండుసార్లు తిరిగి చూశారు."

కుందన పెట్టెలోంచి కిసుక్కున నవ్వింది. హైమవతి ముఖం కందిపోయింది.

నిశాత్ నవ్వలేదు. లేచి వచ్చి పెట్టె పక్కన కూర్చుంది. "అక్కా, పాప మెడకేమైంది?"

"ఏమీ కాలేదు."

"కుందనా?"

పిల్ల తల్లివైపు చూసింది. ఎవరడిగినా చెప్పొద్దని నాలుగేళ్లుగా విన్న పిల్ల. పెదాలు బిగించుకుంది.

"చెబితే ఎక్కనివ్వరుగా!" అంది హైమవతి. అన్నాక గాని ఏమందో ఆమెకు తెలియలేదు.

బయట లారీ హారన్ కొట్టింది. నిశాత్ యంత్రంవైపు తిరిగింది. "మెడలో పాత దెబ్బ ఉంటే నాళంలో పంపొచ్చా?"

"ఎక్కడో తెలిస్తే పంపవచ్చు. తల బరువు ఆ ఎముకల మీద పడకుండా గూడు మోస్తుంది. తెలియకుండా వేస్తే మామూలు గూడు ఆ బరువంతా మెడ మీదే వదిలేస్తుంది."

"విన్నారా అక్కా? ఓడ కంటే ఇదే నయం. చెప్పండి."

హైమవతి పైకి చూసింది. సున్నం పెచ్చులూడిన కప్పు తప్ప అక్కడేమీ లేదు. అయినా తల అడ్డంగా ఊపింది. ఈ ఒక్కమాట తన నోటితో అని, ఆ తరువాత ఏదైనా జరిగితే ఎలా బతకాలి? లోకంలో ఏ యంత్రం తన మీద ఆ మాట పడకుండా గూడు కట్టగలదు?

"మాట కాకపోయినా పర్వాలేదు," అంది గూడుమర. "వేలితో చూపించినా చాలు."

ఆమె దానివంక అనుమానంగా చూసింది. ఆ సంగతి కూడా ఎవరు చెప్పారు దీనికి? తథాస్తు దేవతలు వినడమే గాని చూడరని?

హైమవతి మోకాళ్ల మీద కూర్చుంది. కుందన జడ పక్కకు తీసి, మెడ వెనక మచ్చ మీద చూపుడువేలు ఆనించింది. ఒక ఎముక మీద, దాని కిందిదాని మీద, తీగ ఉన్నంత మేరా నెమ్మదిగా గీసింది. ఆ వేలు వెనకే నురుగు వచ్చింది. వేడిగా లేదు, చల్లగా లేదు. పిల్ల తలను రెండు దోసిళ్లలో పట్టుకున్నట్టు పట్టుకుంది.

"చక్కిలిగింతలమ్మా," అంది కుందన.

"కదలకు."

నిశాత్ చేతిలోని డిజిటల్ పలక మీద ఏదో రాసుకుంది. హైమవతి మెడ చాచి చూడబోయింది. "మీ ఫారంలో ఉన్న తప్పు దిద్దానక్కా," అంది నిశాత్. "మెడలో పాత దెబ్బ, గూడు వేశాం, పంపవచ్చు అని రాశా. కింద సంతకం నాది." హైమవతి నమ్మలేదు. చదివి వినిపించమని అడిగి, రెండుసార్లు విన్నాక గాని లేవలేదు.

తరువాత తన పెట్టెలో తాను పడుకుంది. చీర కుచ్చిళ్లు సర్దుకుంది. ఎటు తిరిగి పడుకున్నా ఆ కన్ను తన మీదే ఉంది. ఇక దాచడానికి ఏముందని? అయినా చెయ్యి పైట మీద అలాగే ఉంచుకుంది.

"ఈమెకు ఏం జరుగుతుందని మీ భయం?" అని గూడుమర పక్కపెట్టెను అడిగింది.

"కానివ్వు, ఇప్పుడు నీ వంతు," అంది నిశాత్ నవ్వుతూ. "మీ అమ్మ నూట ఎనభై రెండు చెప్పింది. నువ్వెన్ని చెబుతావో చూద్దాం."

"దానికేం తెలుసు డాక్టరమ్మా, చిన్నపిల్ల," అంది హైమవతి. "నాకేమవుతుంది? వేలెడు వేసి మూత పెట్టేయండి."

కుందన వెంటనే మాట్లాడలేదు. పొద్దుటి నుంచి ప్రతిదానికీ ఒక జోకు వేసిన పిల్ల. నురుగులో బిగిసిన తల అటూ ఇటూ తిరగదు. కళ్లు మాత్రమే కదిలాయి. మెల్లగా పైకి, ఇంటికప్పు వైపు వెళ్లి, ఒక్క క్షణం అక్కడ నిలిచి, కిందికి దిగాయి.

"మా అమ్మకా?" అంది. గొంతు సన్నగా ఉంది. "మా అమ్మకేమీ కాదు."

గూడుమర ఇంకొక ప్రశ్న అడగలేదు. నురుగు గొట్టాన్ని చివరిదాకా తెరిచింది.