జాయింట్ చీర

"సరోజనా! జడ వచ్చినంక ఏసుకుందువు గని, ముందు చెప్పులు తొడుక్కో. దుకానం తెరవంగనే పోతె మంచియి దొరుకుతయి. జర ఆలస్యమైతె ఏరినంక మిగిలినయే మనకు" అని మొగిలమ్మ వాకిట్లోంచి కేకేసింది. అప్పటికే చేతిసంచి దులిపి భుజాన వేసుకుంది.

సరోజన సగం అల్లిన జడను అలాగే ముడేసుకుని తల్లి వెనకే బయలుదేరింది. బజారంటే ఆ పిల్లకు గుబులు. అంతమంది మధ్య నిలబడాలి, అడగాలి, ఎవరైనా ఏదైనా అంటే జవాబు చెప్పాలి. కానీ మొగిలమ్మకు చదువు రాదు. బోర్డులు చదవడానికి పదో తరగతి బిడ్డ పక్కన ఉండాల్సిందే.

నర్సంపేట పక్క ఊరినుంచి వరంగల్ వచ్చి రెండేళ్లే అయినా, ఏ వస్తువు ఏ గల్లీలో ఎప్పుడు చౌకగా దొరుకుతుందో మొగిలమ్మకు ఇక్కడే పుట్టి పెరిగినవాళ్లకన్నా బాగా తెలుసు. దువ్వెన, సబ్బుపెట్టె, గంటె చౌరస్తాలో 'హరేక్ మాల్ రెండు రూపాయలు' బండి మీద కొనేది. కూరగాయలు దుకాణాలు ఎత్తేసే వేళకు. కారానికి ఎనుమాముల మిర్చి యార్డులో పక్కకు తీసేసిన తాలు మిరపకాయలు. రంగు తక్కువైతే ఇంకో చెంచా ఎక్కువ వేస్తే సరి. బట్టలకు మాత్రం మిల్లు ముక్కలు తూకానికి అమ్మే దుకాణం. సరోజన లంగాలన్నీ అలాంటి ముక్కలవే. గీతకు గీత కలిసేలా తల్లి కుట్టిన తీరుకు, అది రెండు ముక్కలదని బడిలో ఎవరూ కనిపెట్టలేదు.

భర్త వెంకటయ్య యార్డులో హమాలీ. మిర్చి వచ్చే నాలుగు నెలలే చేతినిండా పని. మిగతా ఏడాది ఇల్లు గడిచేది మొగిలమ్మ సంచితోనే.

ఈసారి బజారుకు వెళ్తున్నది మాత్రం పెద్ద పనికి. వెంకటయ్య అక్క సోమక్కకు శుక్రవారం ఒడిబియ్యం పోస్తున్నారు. పుట్టింటివాళ్లు ఆడబిడ్డను పిలిచి, కొత్త చీర పెట్టి, పసుపు కలిపిన బియ్యం ఒడిలో పోసి పంపడం వాళ్ల ఆనవాయితీ. తల్లి పోయిన ఈ పదకొండేళ్లలో సోమక్కను అలా పిలిచినవాళ్లు లేరు. తమ్ముణ్ని చంకనెత్తుకుని సాకింది ఆమె. ఇప్పుడు ఆమెకు పుట్టిల్లంటే ఈ ఒక్క అద్దె గదే. దసరా నుంచి ఒక్కో రూపాయి వెనకేసి, మొగిలమ్మ ఇప్పటికి ఆమెను పిలవగలిగింది.

దుకాణంలో అడుగుపెట్టే సందు లేదు. గుట్టలు గుట్టలుగా బట్టలు, ప్రతి గుట్ట మీదా వేలాడే అట్టముక్క. మొగిలమ్మ ఒక గుట్టలోంచి చిలకపచ్చ చీర లాగింది. ఎర్ర అంచు, కొంగు నిండా పువ్వులు. మురిసిపోయింది.

"గింత మంచి చీర గింత సస్తా ఎట్లిస్తాండు? ఆ అట్ట మీద ఏం రాసిండో సదువు బిడ్డా."

"జాయింట్ చీరలు. ఏదైనా పాతిక రూపాయలు. మడత విప్పరాదు."

"జాయింటంటే?"

సరోజనకు తెలియదు. గల్లా దగ్గర ఇద్దరు మనుషులున్నారు, అడిగితే చెప్తారు. కానీ అడగాలంటే అంతమంది ముందు నోరు తెరవాలి. పోయినేడు బడిలో ఒక ఇంగ్లీషు మాటకు అర్థమడిగితే క్లాసంతా నవ్విన నవ్వు చెవుల్లో మోగింది. తల్లి తనవైపే చూస్తోంది, ఎంతో నమ్మకంగా.

"కంపెనీ పేరమ్మా" అంది.

"మంచి కంపెనేనా?"

"ఆఁ."

మొగిలమ్మ కొంగు చూసింది, అంచు చూసింది. మడత విప్పనివ్వరు కాబట్టి నడుమ చూడలేదు. ఇంటికి తెచ్చాక కూడా విప్పలేదు. పెట్టే చీర మడత కట్టుకునే మనిషే విప్పాలని ఆమె పట్టింపు.

శుక్రవారం పొద్దున్నే సోమక్క నర్సంపేట బస్సు దిగి వచ్చింది. వస్తూనే తమ్ముడి తల నిమిరింది, మరదలిని పలకరించింది, పుస్తకం పట్టుకుని మూల కూర్చున్న సరోజనను చూసి మూతి తిప్పింది.

"ఇంక బడికే తోల్తానవా ఈ పిల్లను? ఉత్తరం రాసుడొచ్చింది, సదువుడొచ్చింది. ఇంకేం గావాలె? పది కానియ్యకుంటనే మిషన్ నేర్పియ్యి తమ్మీ."

"అది పంతులమ్మ అయితది వదినె" అంది మొగిలమ్మ, పీట వేస్తూ.

"నోట్లెకెళ్లి మాట రాదు దానికి. పంతులమ్మయి సైగలు చేస్తదా?"

పక్కింటి రాజక్క పగలబడి నవ్వింది. బియ్యం పొయ్యడానికి పిలిచిన ముత్తయిదువల్లో ఆమె ముందే వచ్చి గడపలో కూర్చుంది. సరోజన పుస్తకంలో ఇంకా లోపలికి దూరిపోయింది.

చీర, రవికె గుడ్డ పళ్లెంలో పెట్టి ఇచ్చారు. సోమక్క చీరను కళ్లకద్దుకుంది. "మా అమ్మ పెట్టినట్టే ఉన్నది" అని, కట్టుకోవడానికి తెర వెనక్కి వెళ్లింది. కాసేపు గాజుల చప్పుడు వినిపించింది. తర్వాత అదీ ఆగింది.

తెర తొలగించి వచ్చిన సోమక్క ఒంటి మీద పాత చీరే ఉంది. చిలకపచ్చ చీర నడిమి భాగం చేతుల్లో సాగదీసి పట్టుకుంది. పైనుంచి కిందిదాకా మిషన్ కుట్టు.

"మొగిలమ్మా, ఇదేంది?"

మొగిలమ్మకు అర్థం కాలేదు. రాజక్క లేచి వచ్చి వేలితో తడిమి చూసింది. "అయ్యో, జాయింట్ చీర గదనే ఇది! రెండు తుకడాలు తెచ్చి నడుమ కుడ్తరు. కుచ్చిళ్లల్ల పోతది, కనపడది. ఇంట్ల కట్టుకోను మంచిగనే ఉంటది గని, ఒడిబియ్యానికి..." అని నాలిక కరుచుకుంది.

మొగిలమ్మ చూపు ఒక్క క్షణం సరోజన మీద నిలిచింది. ఆ పిల్ల ముఖం పాలిపోయింది.

"అతుకు చీరతోని నా ఒడి నింపుతవా?" అంది సోమక్క. "పెన్మిటి, ముగ్గురు పిల్లలు, నిండు సంసారం నాది. దానికి అతుకేస్తవా? పదకొండేండ్లకు పిలిస్తివి. లేకుంటె లేదని చెప్పకపోతివా, వట్టి రవికె గుడ్డ పెట్టినా కండ్లకద్దుకుందు!"

"తెల్వక తెచ్చినవా, తెలిసే తెచ్చినవా?" వెంకటయ్య భార్యను నిలదీశాడు.

బిడ్డ చదివి చెప్పింది అంటే ఒక్క మాటతో తేలిపోయేది. సరోజన ఆ మాట కోసం ఎదురుచూసింది.

"తెలిసే తెచ్చిన" అంది మొగిలమ్మ. "సస్తా అని ఆశపడ్డ. తప్పయింది వదినె."

సోమక్క చీర పీట మీద పడేసి, సంచి చంకన పెట్టుకుని వెళ్లిపోయింది. "అక్కా! అక్కా!" అంటూ వెంకటయ్య గల్లీ చివరిదాకా వెంటపడ్డాడు. ఆమె వెనక్కి తిరిగి చూడలేదు. అతను ఒక్కడే తిరిగొచ్చాడు.

"సస్తా, సస్తా, సస్తా! కూరగాయలు సస్తా, గుడ్డలు సస్తా, ఆఖరికి నా అక్క గూడ నీకు సస్తానే అయిందా? రేపటిసంది ఆ సంచి ముట్టకు. ఏం తెచ్చినా నేనే తెస్త. ముప్పైకి దొరికేది అరువైకి తెస్త, గని ఇజ్జత్ ఉంటది!"

సస్తా అన్న మాటకు ఎప్పుడైనా నలుగురికి సమాధానం చెప్పే మొగిలమ్మ, పసుపు బియ్యం పళ్లెం ఎత్తుకుని పొయ్యి దగ్గరికి పోయి కూర్చుంది. రాజక్క మెల్లగా జారుకుంది.

సరోజన తల్లి పక్కన చతికిలపడింది. "తెలిసే అని ఎందుకు చెప్పినవమ్మా?"

"మెల్లగ మాట్లాడు, మీ నాయిన ఇంటడు." మొగిలమ్మ బియ్యంలో మట్టిబెడ్డ లేకపోయినా ఏరుతోంది. "నువ్వు తప్పు సదివినవని తెలిస్తె నీ బడి నేడే బంద్. మీ అత్తమ్మ పొద్దుగాల ఏమన్నదో ఇన్నవు గద."

"మరి అత్తమ్మ మళ్ల రాదు గదమ్మా మనింటికి."

"రాకపోతె నా మీది కోపానికి రాదు. నీకేం కాదు. ఫికర్ చెయ్యకు, పోయి సదువుకో."

ఆ 'సదువుకో' అన్న మాట సరోజనను కూర్చోనివ్వలేదు. ఒక్క మాట అడగడానికి సిగ్గుపడి తను చేసిన తప్పును తల్లి నెత్తినేసుకుంది. పదకొండేళ్ల తర్వాత పుట్టింటికొచ్చిన మనిషి ఏడుస్తూ పోయింది. ఇంకా చదువుకుని తను చేసేదేముంది?

లేచింది. పీట మీది చీర చుట్టి చంకలో పెట్టుకుంది. చెప్పులు కూడా మరిచిపోయి బయటపడింది. రైలు కట్ట దాటి, స్టేషన్ ముందునుంచి బస్టాండు చేరేసరికి కాళ్లు మండిపోతున్నాయి. ఎటుపోయే బస్సో అడగలేక ఎన్నోసార్లు బస్సులు వదిలేసుకున్న పిల్ల, ఎదురుపడిన మొదటి కండక్టరు ముందు నిలబడి, "నర్సంపేట బస్సేదీ?" అని అరిచినంత గట్టిగా అడిగింది.

బస్సు నిండుగా ఉంది. కిటికీ పక్కన సోమక్క కొంగుతో ముక్కు తుడుచుకుంటోంది. సరోజన గంపలు, మూటలు తొక్కుకుంటూ ఆమె దాకా వెళ్లింది.

"అత్తమ్మా, చీర తప్పు మా అమ్మది కాదు. నాది."

"ఏందే? మీ అమ్మ తోలిందా?"

"అమ్మకు తెల్వదు నేనొచ్చినట్టు. అట్ట మీద జాయింట్ చీరలని రాసుండె. జాయింటంటే ఏందని అమ్మ అడిగింది. నాకు తెల్వదు. తెల్వదని చెప్ప సిగ్గయింది. కంపెనీ పేరని చెప్పిన."

వెనక సీట్లో ముసలాయన కిసుక్కున నవ్వాడు. "జాయింట్ కంపెనీ చీరలా! బాగుంది పిల్లా."

సోమక్క గిర్రున తిరిగింది. "నీకెందుకయ్యా నడుమ? జాయింటంటే నీకెరుకనా?"

"నాకేమెరుక తల్లీ" అని ఆయన కిటికీ వైపు తిరిగాడు.

"మరి మీ అమ్మ తెలిసే తెచ్చిన అన్నది?"

"నా బడి బంద్ చేపిస్తవని." బస్సంతా తననే చూస్తోంది, అయినా సరోజన ఆగలేదు. "బంద్ చేపియ్యి అత్తమ్మా. నాయినకు చెప్పు, రేపటిసంది పోను. మిషన్ నేర్చుకుంట. నీకు ఒడిబియ్యం పోయాలని అమ్మ దసరసంది కొత్త రవికె గూడ కొనుక్కోలే. ఇప్పుడు నాయిన అమ్మను బజారు సంచే ముట్టద్దన్నడు, ఇంక అన్ని తనే కొంటడట. నువ్వు గిట్ల ఉత్త ఒడితోని పోకు. నువ్వు దిగేదాక నేను దిగ."

కండక్టరు వచ్చాడు. "ఏయ్ పిల్లా, టికెట్టా, దిగుడా? బస్సు తీస్తాన!"

"ఆగవయ్యా!" అంది సోమక్క. ఆమె చూపు ఆ పిల్ల కాళ్ల మీద పడింది. దుమ్ము కొట్టుకుని, ఒక వేలు చిట్లి నెత్తురొచ్చింది. "చెప్పులేవే?"

సరోజన కిందికి చూసుకుని అప్పుడు గుర్తుతెచ్చుకుంది. "మర్సిపోయిన."

సోమక్క సంచి తీసుకుని లేచింది. "జరుగుండ్లయ్యా, దిగాలె."

దారంతా ఆమె సరోజన చెయ్యి వదల్లేదు.

గడపలో వెంకటయ్య మోకాళ్ల మీద తల పెట్టుకుని ఉన్నాడు. అక్కను చూసి దిగ్గున లేచాడు. ఆమె అతన్ని దాటుకుని సీదా పొయ్యి దగ్గరికి నడిచింది.

"మొగిలమ్మా! పసుపు బియ్యం ఉన్నయా, వండుకున్నరా?"

మొగిలమ్మ బియ్యం పళ్లెంతోనే లేచి నిలబడింది.

"నాతోటే అబద్ధం చెప్తవా? బిడ్డను కాపాడుకోను నీకు నేనే దొరికిన్నా?"

"తప్పు చేసింది పసిది గద వదినె..."

"ఎక్కడి పసిది! బస్సునిండ మందిల నన్ను పట్టి దింపుకొచ్చింది. నోట్లెకెళ్లి మాట రాదన్నది నేనే, నా నోరు మూపించింది." సోమక్క తమ్ముడి వైపు తిరిగింది. "తమ్మీ, ఒక్క మాట తెల్వకనే గింత పనాయె. ఇంకెన్ని మాటలు తెల్వదో. బడి మాన్పిస్తె ఇల్లు నష్టపోతది. అన్ని తెలిసేదాక సదివియ్యి. ఆ సంచి గూడ మొగిలమ్మకే ఇయ్యి. నువ్వు కొనుకొచ్చుడు మొదలువెడితె పిల్ల ఫీజులు గూడ బజారు పాలైతయి."

వెంకటయ్య తల గోక్కున్నాడు. "మరి చీర అక్కా?"

"రవికె గుడ్డ ఉన్నది గద పళ్లెంల. అది తానుల కెళ్లి కోసిందేనా?"

"తానుల కెళ్లే" అంది మొగిలమ్మ గబగబా. "నేను నిలవడి కోపిచ్చిన."

"చాలు. రాజక్కను పిలువుండ్లి, గోడకు చెవి పెట్టే ఉంటది."

నిజంగానే రాజక్క పిలవకముందే, మిగతా ముత్తయిదువలను వెంటబెట్టుకుని వచ్చింది. సోమక్కను పీట మీద కూర్చోబెట్టి, రవికె గుడ్డ పెట్టి బొట్టు పెట్టారు. మొగిలమ్మ దోసిలి నిండా పసుపు బియ్యం తీసి ఆమె ఒడిలో పోసింది. తర్వాత మిగతావాళ్లు పోశారు. పదకొండేళ్లుగా ఖాళీగా ఉన్న ఒడి బరువెక్కింది. సోమక్క కళ్లు మూసుకుని కూర్చుంది.

ఆఖరున, పుట్టిల్లూ నిండుగా ఉండాలని ఆడబిడ్డ అయిదు పిడికిళ్లు తిరిగి ఇవ్వాలి. మొగిలమ్మ రెండు చేతులతో కొంగు పట్టింది. సోమక్క ఒక్కో పిడికిలీ పోస్తుంటే, అంతదాకా ఆపుకున్న ఏడుపు మొగిలమ్మకు కట్టలు తెంచుకుంది.

"జర అటు తిరిగి ఏడువు పిల్లా, బియ్యం తడుస్తయి" అంది సోమక్క.

కొంగు వదిలితే బియ్యం ఒలికిపోతాయి. మొగిలమ్మ వదల్లేదు, కళ్లు తుడుచుకోలేదు. పెద్దవాళ్లందరి మధ్యలోంచి సరోజన ముందుకొచ్చి, రెండు అరచేతులతో తల్లి చెంపలు తుడిచింది.